ఒక్కరికీ ఖాళీ లేని పెళ్ళిపందిరి

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక లెక్కల పిల్ల. పేరు వకుళ. ఎన్ని కుర్చీలు, ఎన్ని విస్తళ్ళు అని అడగడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేసేది.

వకుళ అక్క హైమకి పెళ్ళి కుదిరింది. బడి ఆవరణలో పందిరి వేయాలి. "ఎవరికి ఏ పనో నేను చూసుకుంటాను నాన్నా" అంది వకుళ. పద్నాలుగు పనులు, పద్నాలుగు మంది మనుషులు. పాత కేలెండరు వెనక గబగబా రాసేసింది. మామిడాకులు ఒకరికి, పీటలు ఒకరికి, వంటలు ఒకరికి. పందిరి రాటలు మాత్రం వీర్రాజు మామయ్యకి. అంత బలం ఇంకెవరికీ లేదు మరి.

నాన్న కాగితం చూశాడు. "అవసరమొస్తే పిలవడానికి ఒక్కరూ మిగల్లేదేమే?"

"ఊరికే నిలబడే మనిషెందుకు నాన్నా, దండగ!"

పెళ్ళిరోజు రానే వచ్చింది. ముహూర్తం పగలు పదీ నలభై రెండుకి. పది కాగానే గాలి లేచింది బంగారూ.

మొదటి గాలికి తోరణం తెగింది. వకుళే ఎక్కి కట్టింది. ఆ తర్వాత రెండో గాలికి అడ్డుతెర ఎగిరి వంటల దగ్గర పడింది. వకుళే పరిగెత్తి తెచ్చింది. అప్పుడు మూడో గాలి వచ్చింది. ముందురోజు వానకి నేల మెత్తబడి ఉందేమో, నడిమి రాట ఒరిగిపోయింది. వీర్రాజు మామయ్య రెండు చేతులా దాన్ని వాటేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పంతులుగారు కేకేశారు. "పెళ్ళికూతుర్ని తీసుకురండి! మేనమామ ఎక్కడ?"

వకుళకి అప్పుడు గుర్తొచ్చింది. హైమ గౌరీపూజ ముగించి, బడి గదిలో గంపలో కూర్చుని ఉంది. ఆ గంప ఎత్తుకు రావలసింది మేనమామ. ఆ మేనమామ వీర్రాజు మామయ్యే! కాగితం రాసేటప్పుడు బలం చూసింది కానీ, వరస మర్చిపోయింది.

"వదిలితే పందిరి పడుద్ది. వదలకపోతే ముహూర్తం పోద్ది. ఏం చెయ్యమంటావే?" అన్నాడు మామయ్య.

ఇంకా పదకొండు నిమిషాలే ఉన్నాయి. ఆడపెళ్ళివారిలో కొందరు పొయ్యిలు ఆరకుండా టార్పాలిన్ అడ్డం పట్టుకున్నారు, మిగిలినవాళ్ళు తలో రాట పట్టుకున్నారు. ఖాళీగా ఉన్నది మగపెళ్ళివారే. కానీ వాళ్ళకి పని చెప్పడం మర్యాదేనా? అందులోనూ పెళ్ళికొడుకు తల్లి కామాక్షమ్మ పొద్దుట్నుంచి మూడుసార్లు కాఫీ బాగాలేదని వెనక్కి పంపింది.

వకుళ వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. "అత్తయ్యగారూ, తప్పు నాది. ఒక్కరినీ ఖాళీగా ఉంచుకోలేదు. మీవాళ్ళు వచ్చి రాట పట్టుకోవాలి."

కామాక్షమ్మ ఆ పిల్లని కిందికీ పైకీ చూసింది. తర్వాత లేచి, కొంగు నడుముకి దోపింది.

"ఏమర్రా, లేవండి! పడితే మన నెత్తినే కదా పడేది!"

పెళ్ళికొడుకు తండ్రితో కలిపి నలుగురొచ్చి రాట పట్టుకున్నారు. మామయ్య ఒకటే పరుగు. పదీ నలభైకల్లా గంప తెచ్చి పీట దగ్గర దించాడు. జీలకర్రా బెల్లం పెట్టించారు, అడ్డుతెర దించారు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం రాట వదల్లేదు. సగం అక్షింతలు ఆయన బట్టతల మీదే పడ్డాయి.

వకుళ అప్పుడు ఊపిరి పీల్చుకుంది. "కాఫీ తెమ్మంటారా అత్తయ్యగారూ?"

"బాగుంటేనే తే" అంది కామాక్షమ్మ.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏ పెళ్ళికైనా కాగితం వకుళే రాసేది. మొదటి వరస మాత్రం ఎప్పుడూ ఒకటే: 'ఏ పనీ లేకుండా కూర్చోవలసినవారు, ఒకరు.' తన పెళ్ళికి ఆ వరసలో ఎవరి పేరు రాసిందనుకున్నావు? కామాక్షమ్మదే! ఆవిడ కుర్చీలో కూర్చుని, కాఫీకి వంకలు పెడుతూనే, రాటల మీంచి చూపు తిప్పలేదట.

గంప చేరె పీటకి,
గాలి పోయె తోటకి,
కథ సాగె కంచికి,
చిట్టితల్లి నిద్రకి.