సావిట్లో తొండం

బోదెపాలెంలో ఎవర్నయినా అడిగి చూడండి, ఊళ్ళో తెలివంతా ఎవరింట్లో ఉందీ అని. ఎవరూ చెప్పరు. చెప్పరు గనకే వీరభద్రం తనే చెప్పుకునేవాడు, మా ముగ్గురన్నదమ్ముల ఇంట్లో అని. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివని వాళ్ళ నాన్న పోతూ పోతూ చెప్పాడు. దాన్ని కూడా చెప్పినట్టే చేస్తున్నారు పాపం. వీరభద్రం పెద్దవాడు, పనులు పురమాయిస్తాడు. గంగరాజు నడిమివాడు, ట్రాక్టర్ తోలతాడు. అబ్బులు చిన్నవాడు, ఏదైనా పట్టుకోమంటే పట్టుకుంటాడు, వదలమనేదాకా వదలడు.

వాళ్ళకో చిన్న ట్రాక్టరుంది. దాని వెనక గోతులు తవ్వే ఇనప చెయ్యి తగిలించి ఉంది. చివర బకెట్టు, నేలకి ఆనడానికి రెండు జాకీ కాళ్ళు, లివర్లు తిప్పేవాడికి ఓ సీటు. ఇంట్లో అందరూ దాన్ని తొండం అంటారు. వేసవంతా అది కొబ్బరి గోతులు తవ్వింది. ఇప్పుడు దాన్ని విప్పి దాచాలి. విప్పితేగాని, మడిని బురదగా కలిపి దమ్ము చెయ్యడానికి రోటవేటర్ తగిలించే చోటుండదు. మర్నాడు పొద్దున ఆరింటి నుంచి పన్నెండింటిదాకా వాళ్ళ నీటివంతు. ఆ ఆరు గంటల్లో నారుమడి దమ్ము చేసి విత్తనం చల్లేయాలి.

కిందటేడు నీళ్ళొచ్చినప్పుడు ట్రాక్టర్ ఊళ్ళో లేదు, ట్రాక్టర్ వచ్చినప్పుడు నీళ్ళు లేవు. అందుకే వీరభద్రం పెళ్ళాం నూకాలు పుట్టింటికి వెళ్తూ వేలు చూపించి మరీ చెప్పింది.

"రేపు మధ్యాహ్నం నేనొచ్చేసరికి నీళ్ళూ ట్రాక్టరూ ఒకచోట కలవాలి, విత్తనం పడాలి. లేదంటే పొలం మా అన్నయ్యకి కౌలుకిచ్చేస్తాను."

పొలం ఆవిడ పేరనే ఉంది. ఇచ్చేస్తుంది కూడా. బావమరిది గట్టు మీద కుర్చీ వేసుకు కూర్చుంటే, తను వెళ్ళి చేతులు కట్టుకుని "బావా, కాస్త గడ్డి కోసుకోనా" అనడగాలి. అది తలుచుకుని వీరభద్రం అన్నం ముందునుంచి లేచిపోయాడు.

టౌన్లో మెకానిక్ మస్తాన్‌కి ఫోన్ చేశాడు. మస్తాన్ ఏదో లారీ కింద దూరి ఉన్నాడు, రావడానికి కుదరదు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి చాలు," అన్నాడు.

వీరభద్రం పొంగిపోయాడు. ప్రపంచంలో తనకి బాగా వచ్చిన పని అదొక్కటే మరి.

"ముందు బాగా చదునైన నేల చూసి ట్రాక్టర్ నిలబెట్టండి. నేల వాలుగా ఉంటే తొండం ఒరిగి మీద పడుద్ది."

అన్నదమ్ములు నిమ్మకాయ పట్టుకు బయల్దేరారు. వాకిట్లో పెడితే దొర్లింది. రోడ్డు మీద పెడితే దొర్లింది. కళ్ళంలో పెడితే అక్కడా దొర్లింది. ఆఖరికి ఇంటి ముందరి సావిట్లో, నూకాలు ఇరవయ్యేళ్ళుగా పేడతో అలికిన మట్టి నేల మీద పెడితే బుద్ధిగా కూర్చుంది. ఇంకేముంది, మంచాలు బయటికొచ్చాయి, ట్రాక్టర్ లోపలికెళ్ళింది. సావిడి గుమ్మం రెండెడ్ల బండి పట్టేంత వెడల్పు, ఇబ్బందేం లేదు. ట్రాక్టర్ ముక్కు ఎదుటి గోడ వైపు, తొండం సరిగ్గా గుమ్మంలో.

"కింద చెక్కలేసి, జాకీ కాళ్ళూ బకెట్టూ వాటి మీద ఆనించండి. ఇంజిన్ ఆపి లివర్లు అటూ ఇటూ ఆడించండి. పైపుల్లో బిగువు పోవాలి."

అబ్బులు సీటెక్కి లివర్లు ఆడించడం మొదలెట్టాడు. ఆపమని మస్తాన్ చెప్పలేదు. అంతే, ఆపలేదు.

"నూనె పైపులు ఊడదీసి మూతులకి మూతలు పెట్టండి. రెండు పిన్నులుంటాయి, అవి లాగెయ్యండి. ఎవరి చేతికీ దొరక్కుండా దాచండి. అవి పోతే మళ్ళీ తొండం తగిలించలేరు."

వీరభద్రం పిన్నులు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఎవరి చేతికీ అంటే తన చేతికి కూడానా? తనూ ఎవరో ఒకరే కదా. దాచిన చోటు తనకి తెలిస్తే తన చేతికి దొరికిపోతాయి. అందుకని కళ్ళు గట్టిగా మూసుకుని, మూడు చుట్లు తిరిగి, తడుముకుంటూ వెళ్ళి, మెత్తగా వెచ్చగా తగిలినదాంట్లోకి రెండూ గుచ్చేసి, మళ్ళీ మూడు చుట్లు తిరిగి కళ్ళు తెరిచాడు.

"దాచావా అన్నయ్యా?" అన్నాడు గంగరాజు.

"దాచానురా. ఎక్కడో నాక్కూడా తెలీదు."

"అదీ దాచడమంటే," అని గంగరాజు మెచ్చుకున్నాడు.

"ఇంక తొండాన్ని కదపొద్దు," అన్నాడు మస్తాన్. "అది ఉన్నచోటే ఉంటది. ట్రాక్టరే ముందుకెళ్ళాలి. దాని మీద వాన చుక్క పడకుండా చూడండి, తుప్పు పట్టుద్ది." ఫోన్ పెట్టేశాడు.

గంగరాజు ట్రాక్టర్ ముందుకి పోనిచ్చాడు. తొండం చక్కగా విడిపోయి గుమ్మంలో నిలబడింది, మీద అబ్బులు లివర్లు ఆడిస్తూనే ఉన్నాడు. ఓ మూలనున్న రోటవేటర్ తెచ్చి తగిలించారు. అంతా అయింది. అప్పుడు చూసుకున్నారు. ముందు గోడ, వెనక తొండం, మధ్యలో ట్రాక్టర్. దొడ్డి గుమ్మంలోంచి మేక కూడా ఒద్దికగా పోవాలి.

"తొండం కదిపితేనో?"

"కదపొద్దన్నాడుగా."

"మళ్ళీ తగిలించి మొత్తం బయటికి లాగితే?"

"పిన్నులేవిరా?"

వీరభద్రం పిన్నులు వెతకబోయాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని మూడు చుట్లు తిరిగాడు. ఈసారి గోడ తగిలి నుదురు బొప్పికట్టింది. గట్టు మీద బావమరిది కుర్చీ కళ్ళకి కట్టింది. మంచం కోడు పట్టుకుని కాసేపు ఏడ్చాడు కూడా. ఏడుస్తుంటే నూకాలు మాట గుర్తొచ్చింది. నీళ్ళూ ట్రాక్టరూ ఒకచోట కలవాలి. ఎక్కడ కలవాలో చెప్పలేదు.

"ఒరే గంగరాజూ, ట్రాక్టర్ నీళ్ళ దగ్గరికి వెళ్ళలేకపోతే ఏం, నీళ్ళకి కాళ్ళున్నాయిగా."

పొలాలకి నీళ్ళు పారే పంటబోదె ఇంటి వెనక నుంచే పోతుంది. మర్నాడు పొద్దున ఆరయ్యేసరికి ఇద్దరూ పారలతో దొడ్డిలోంచి కాలువ తీసి, దొడ్డి గడప పీకేశారు. ఇంకేముంది, నీళ్ళు గలగలా వంటింట్లోంచి సావిట్లోకి వచ్చేశాయి. గంగరాజు ఆరడుగులు ముందుకి, ఆరడుగులు వెనక్కి దమ్ము చేశాడు. ఇరవయ్యేళ్ళ అలుకు గంటలో బురదయింది. పొయ్యి కలిసిపోయింది, రోలు మునిగిపోయింది, నిమ్మకాయ తేలింది.

"అన్నయ్యా, తొండం కింద నీళ్ళొస్తున్నాయి," అన్నాడు అబ్బులు పైనుంచి.

"వాన చుక్క పడకూడదన్నాడు. ఇవి కాలవ నీళ్ళు. నువ్వు ఆడించు."

మొలక కట్టిన విత్తనం గోనె విప్పి వీరభద్రం గుప్పిళ్ళతో చల్లాడు. మధ్యలో రెండుసార్లు చేతికి ఏదో బరువుగా తగిలింది. గింజ బాగా ఊరింది అనుకుని అవీ చల్లేశాడు. రెండుసార్లూ బుడుంగుమంది. ఊరిన గింజ అంత మెత్తగా వెచ్చగా ఉండడం తనకి ఇంతకుముందే తెలిసినట్టు అనిపించింది గానీ, ఎప్పుడో గుర్తురాలేదు.

పన్నెండవుతుండగా నూకాలు సంచీతో దిగింది. వాకిట్లో మంచాలు, గుమ్మంలో తొండం, తొండం మీద మరిది. వంగి లోపలికి చూసింది. వీరభద్రం మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నాడు.

"నీళ్ళూ ట్రాక్టరూ కలిశాయా?"

"కలిశాయి."

"విత్తనం పడిందా?"

"పడింది."

నూకాలు సంచీ మంచం మీద పెట్టింది. "సరే అయితే. అన్నయ్యకి రావద్దని ఫోన్ చేస్తాను," అంది. వీరభద్రానికి ప్రాణం లేచొచ్చింది.

"తొండం పిన్నులు మాత్రం ఎక్కడ దాచానో తెలీడం లేదే," అన్నాడు. "మెత్తగా, వెచ్చగా ఉన్నదాంట్లో గుచ్చాను."

"విత్తనాల గోనె అయ్యుంటుంది," అంది నూకాలు. "చల్లేశావుగా. మరేం ఫర్వాలేదు, నారుతో పాటే మొలుస్తాయి." మళ్ళీ వంగి పైకి చూసింది, ముఖం చిట్లించింది. "మీ అన్నదమ్ములకి అసలు బుర్రుందా? చీకట్లో నారు మొలుస్తుందా, పిన్నులు మొలుస్తాయా? ఎండ ఏదీ? నిచ్చెన తెండి, పెంకులన్నీ దించెయ్యండి."

అది కూడా నిజమే. పెంకులు దింపారు. దింపగానే పైన మబ్బు కనిపించింది. తొండం మీద వాన చుక్క పడకూడదు కదా, నూకాలు తన గొడుగు విప్పి అబ్బులుకి ఇచ్చింది. అబ్బులు ఓ చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో లివర్లు ఆడిస్తూ, పిన్నులు ఎప్పుడు మొలుస్తాయా అని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.