గొట్టం చివరి గది

జిగ్మెత్ విసురుగా గురువుగారి గదిలోకి వచ్చాడు.

"ఒక్కరు, గురువుగారూ! ఆ ఒక్కరి వల్ల పనంతా ఆగిపోయేట్టుంది."

హిమాలయాల్లో, మంచుకొండల నడుమ ఉన్న బౌద్ధారామం అది. చలికాలమంతా భిక్షువులు గ్యాస్ హీటర్ల మీదే బతికేవారు. మంచు పడి దారి మూసుకుపోతే సిలిండర్లు వచ్చేవి కావు. కిందటేడు అలాగే అయింది. ఇద్దరు ముసలి భిక్షువులు నిమ్ము చేసి, చావు తప్పి బయటపడ్డారు.

భిక్షువు కాకముందు జిగ్మెత్ ఇంజనీరింగ్ చదివాడు. కొండ కింద వేడినీటి ఊట ఉంది. ఆ నీళ్లు గోరువెచ్చనివే. కానీ వాటి వేడిని హీట్ పంపుతో పెంచి, ఒకే గొట్టంలో అన్ని గదులకూ పంపవచ్చు. ఇక గ్యాస్‌తో పనిలేదు. నేల గడ్డకట్టకముందే గొట్టం పాతాలి. అయితే ఆరామంలో ఉమ్మడి పని ఏదైనా అందరూ సరేనంటేనే మొదలవుతుంది.

"కాదంటున్నది ఎవరు?" గురువు తుండుప్ అడిగారు.

"లోబ్జాంగ్ తాత. 'నా హీటర్ నా చేతిలో ఉంటుంది. నీ గొట్టంలో వేడి రాకపోతే ఎవరిని అడగను?' అంటారు. ఎంత చెప్పినా వినరు. చాదస్తం."

"ఆయన గదికి గొట్టం ఎప్పుడు చేరుతుంది?"

"అన్నిటికన్నా చివర. ఉత్తరపు మూల కదా! మొదట మీ గదికే వస్తుంది గురువుగారూ. అలాగే గీశాను."

గురువు లేచి తన పరుపు చుట్టారు. జిగ్మెత్ అందుకోబోతే ఇవ్వలేదు. దాన్ని చంకన పెట్టుకుని, వసారా వెంట నడిచి ఉత్తరపు మూలకు వెళ్లారు.

"లోబ్జాంగ్ అన్నా, ఈ చలికాలం నేనిక్కడ ఉంటాను. మీరు నా గదిలో ఉండండి."

తాత కంగారుపడిపోయారు. "వద్దండీ, ఇక్కడి చలి మీకు తెలీదు."

"తెలీదనే వచ్చాను."

మర్నాడు మధ్యాహ్నానికల్లా జిగ్మెత్ కొత్త ప్లాను తెచ్చాడు. గొట్టం పొడుగునా మందపాటి తొడుగు. చివర ఇంకో చిన్న పంపు. ఉత్తరపు గోడకు లోపల చెక్క పలకలు.

"మొదటి గది ఎంత వెచ్చగా ఉంటుందో ఇదీ అంతే, గురువుగారూ. మీకేం ఇబ్బంది ఉండదు."

గురువు ప్లానంతా శ్రద్ధగా చూశారు.

"చాలా బాగుంది నాయనా. నిన్నటిదాకా ఈ గదిలో ఎవరుండేవారు?"

జిగ్మెత్ చెవులు ఎర్రబడ్డాయి. ప్లాను మడిచి, ఇప్పుడు గురువు గదిలో ఉంటున్న లోబ్జాంగ్ తాత దగ్గరికి వెళ్లాడు.

"తాతా, ఆ గదిలో చలి ఎటునుంచి వస్తుంది?"

తాత అతణ్ణి తేరిపార చూశారు. "కూర్చో," అన్నారు. వేడివేడి వెన్న టీ పోసి ఇచ్చారు. తలుపు కింది సందు గురించి, మంచులా చల్లబడి కాళ్లు చాపుకోనివ్వని గోడ గురించి చెప్పారు. తర్వాత మెల్లగా అన్నారు:

"చలి కాదు నాయనా నా భయం. వేడి ఆగిన రోజున మీరంతా వెచ్చగా పడుకుని ఉంటారు. ఆ మూలన నేనున్నానని ఎవరికి గుర్తుంటుంది?"

"ఆ రోజు నన్ను పిలవండి. వేడి వచ్చేదాకా మీ దగ్గరే కూర్చుంటాను."

తాత టీ పూర్తిచేసి గిన్నె కింద పెట్టారు. "అయితే తవ్వండి," అన్నారు.

నీళ్లు వదిలిన రోజున ఆరామమంతా మొదటి గది దగ్గర పోగయింది. "వచ్చింది, వచ్చింది!" అని కేకలు. లోబ్జాంగ్ తాత గొట్టానికి చెంప ఆనించి చిన్నపిల్లాడిలా నవ్వారు. "జిగ్మెత్ ఏడీ?" అని అటూ ఇటూ చూశారు.

జిగ్మెత్ ఉత్తరపు మూల గదిలో ఉన్నాడు. ఇంకా చల్లగానే ఉన్న గొట్టం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. పక్కన గురువు జపమాల తిప్పుతున్నారు.

కాసేపటికి జిగ్మెత్ రెండో చెయ్యి కూడా వెచ్చబడుతున్న గొట్టం మీద పెట్టాడు.