తామరకోపు దొరికిన రోజు

కోలాటం గురువు దాలినాయుడుగారిని ఎవరేది అడిగినా "పద, నడుస్తూ మాట్లాడుకుందాం" అనేవారు. నడిచినంతసేపూ ఒక్క మాటా మాట్లాడేవారు కారు. సోంపేట చుట్టుపక్కల ఆయన దగ్గర కర్రలు పట్టిన వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు.

ఆయన బృందంలో ముందు నిలిచి ఆడే రాజ్యం ఒక ఉదయం వచ్చి అడిగింది. "గురువుగారూ, ఒక మనిషిలో పస ఉందో లేదో ఎన్నాళ్లకు తేల్చుకోవాలి?"

ఆ ప్రశ్న ఎవరి గురించో ఆయనకు అర్థమైంది. జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే చిన్నమ్మడు నాలుగు నెలల కిందట బృందంలో చేరింది. సాధన ఒక్కరోజూ మానలేదు. ఒక్కరోజూ అడుగు కలపలేదు. ప్రదర్శనకు ఇంక పదిహేను రోజులే. ఆమెను తప్పించి మరొకరిని తీసుకుందామని రాజ్యం ఆలోచన.

"పద తల్లీ" అన్నారు గురువుగారు. ఆయన చంకలో ఒక పాత నోటుపుస్తకం ఉంది.

అది ఆయన గురువు రాసుకున్న పుస్తకం. అందులో పాటలు సిరాతో ఉన్నాయి. కోపులు, అంటే ఆటగాళ్లు నిలిచి కదిలే తీరులు, పెన్సిలు బొమ్మలుగా ఉన్నాయి. కాగితాలు పట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. స్కాన్ చేయించి బృందంలో అందరికీ తలో ప్రతి ఇవ్వాలని ఆయన కోరిక. దాని వెనక ఇంకో ఆశ ఉంది. పన్నెండేళ్ల వయసులో ఆయన తామరకోపు ఒక్కసారి ఆడారు. పదహారు మంది తామరలా విచ్చుకోవడం గుర్తుంది. తిరిగి ముడుచుకోవడం గుర్తులేదు. అరవై ఏళ్లుగా ఆ ఆట సగంలో ఆగిపోతూనే ఉంది. దాని బొమ్మ ఉండవలసిన పేజీలో ఆయన కళ్లకు మరకలు తప్ప ఏమీ ఆనడం లేదు.

ఇద్దరూ బస్టాండు దగ్గర హైమావతి అనే ఆవిడ నడిపే జిరాక్సు కొట్టుకు వెళ్లారు. ఆవిడ పేజీలు ఒక్కొక్కటే గాజుపలక మీద పెట్టి తీస్తూ ఒకచోట ఆగింది.

"తాతగారూ, ఇది ఖాళీగా వచ్చింది. వదిలేద్దామా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "ఇంకొక్కసారి చూడమ్మా."

ఆమె నలుపు పెంచి మళ్లీ తీసింది. ఈసారి మరకలూ, వెనక పేజీ సిరా కలిసి తెర మీద మసిగుడ్డలా కనబడ్డాయి. రాజ్యం వంగి చూసి పెదవి విరిచింది. "ఏమీ లేదు గురువుగారూ. ఉంటే ఈపాటికి కనబడేదే కదా."

హైమావతి మిషను మూత ఎత్తింది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసింది. ఎక్కడో సన్నగా పెన్సిలు మెరిసింది.

"ఉందమ్మా, నేనే తొందరపడ్డాను. అచ్చు కాగితాలు తీసినట్టే దీన్నీ తీశాను. అలా తీస్తే మిషను ప్రతి చుక్కనీ నలుపో తెలుపో తేల్చేస్తుంది. లేతగీతని తెలుపులో కలిపేస్తుంది."

మెత్తటి గుడ్డతో గాజు తుడిచింది. వెనక పేజీ సిరా పైకి కనబడకుండా కాగితం మీద నల్ల అట్ట పరిచింది. నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలన్నీ పట్టే పద్ధతికి మార్చి, సన్నగీతలు కూడా పట్టేలా చుక్కలు రెట్టింపు చేసింది. "నెమ్మదిగా వస్తుంది, కూర్చోండి" అంది. గాజు కింద దీపం చీమలా పాకింది.

తెర మీద మొదట ఒక వలయం కనబడింది. దాని లోపల ఇంకొకటి. ఆపైన చిన్నచిన్న పాదాలు, బాణాలు. గురువుగారి వేలు వాటి వెంట కదిలింది.

"ఎడమకి... ఎడమకి తిరిగి... ఓరి నా తెలివి మండా! ముందుకి కాదు, వీపు పెట్టి లోపలికి రావాలి!"

ఆయన బల్ల మీది రెండు స్కేళ్లు అందుకుని అక్కడికక్కడే అడుగు వేశారు. హైమావతి బల్ల మీద తాళం కొట్టింది. ఆధారు కాపీకి వచ్చిన పెద్దమనిషి చప్పట్లు కలిపాడు. ఎదురు నిలవడానికి ఎవరూ లేక రాజ్యం రెండు పెన్నులు పట్టుకుని నిలబడింది. డెబ్భై రెండేళ్ల గురువు వెనక్కి నడుస్తూ కాగితాల దొంతరను ఢీకొడితే, కొట్టంతా నవ్వింది.

ఆ సాయంత్రం పదహారు మందీ కొత్త ఆటకు నిలిచారు. బయటి వలయంలో నిలిచిన చిన్నమ్మడి అడుగు ఎప్పటిలాగే తప్పింది. రాజ్యం మందలించబోయి ఆగింది. తన కర్రలు కింద పెట్టి, ఆమె పాదాల పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏదీ, మళ్లీ వెయ్యి. నెమ్మదిగా."

చిన్నమ్మడు భయపడుతూ వేసింది. రాజ్యం మూడుసార్లు వేయించి చూసింది.

"నీది ఎడమచేతి వాటమా?"

"అవునక్కా. ఎడమకాలే ముందు లేస్తాది. ఎంత ఆపినా ఆగదు."

"మరి నాలుగు నెలల్నించీ చెప్పవేం?"

"మీరు అడగలేదు కదక్కా."

తామరకోపులో లోపలి వలయం ఎడమకాలితోనే మొదలవుతుంది. రాజ్యం ఆమెను చెయ్యిపట్టి తీసుకెళ్లి ఆ వలయానికి ముందు నిలిపి, తన కర్రలు అందుకుని తన చోటుకు వెళ్లింది. తాళం మొదలైంది. చిన్నమ్మడు ఒక్క అడుగూ తప్పకుండా నడిచింది. ఆ వలయంలోని మిగతా ఏడుగురూ ఆమె పాదాలు చూసి నడిచారు. పదహారు మందీ విచ్చుకున్నారు, వెనకడుగున ముడుచుకున్నారు. ముప్పై రెండు కర్రలు ఒక్కసారే మోగాయి. గురువుగారు కళ్లు తుడుచుకుంటూ "మళ్లీ! మళ్లీ!" అని కేకలు పెట్టారు. చీకటి పడేదాకా ఆడుతూనే ఉన్నారు.

అందరూ వెళ్లాక రాజ్యం కర్రలు కట్ట కడుతూ అంది. "పొద్దున్న నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు."

దాలినాయుడుగారు నోటుపుస్తకాన్ని గుడ్డలో చుడుతున్నారు.

"ఖాళీ అన్నది మిషను తల్లీ. కాగితం అనలేదు."