ఎద్దు తలూపిన రోజు

1851 మార్చిలో వాగొడ్డు ఆవులకి అన్యాయం జరిగింది. చేసింది నక్క. దానికి అక్కరకొచ్చింది మాత్రం ఆవులు ఏరికోరి పంపిన ఎద్దు.

అమెరికాలో ఒక రాష్ట్రంలో జంతువులకీ శాసనసభ ఉన్న కాలమది. వాగొడ్డు పచ్చికని తమకి రాసిమ్మని తోడేళ్ళు సభకెక్కాయి. అడ్డుపడడానికి ఎద్దుని నిలబెట్టి గెలిపించాయి ఆవులు. నాకు మాట్లాడ్డం రాదు మొర్రో అంటే విన్లేదు.

“మాటలెందుకు తమ్ముడూ, వద్దని తల అడ్డంగా తిప్పితే చాలు,” అంది ముసలావు.

ఆ సభలో ఓటంటే అంతే. సరేనంటే తల పైకీ కిందికీ, వద్దంటే అడ్డంగా.

రాజధానిలో ఎటుచూసినా మంచు. పెట్టేది బూజుపట్టిన ఎండుగడ్డి. తక్కిన సభ్యులు విందులకి ఎగబడుతుంటే ఎద్దు కిటికీ దగ్గర నిలబడి వాగొడ్డున్న పడమటి దిక్కు చూసేది. సభ ఎప్పుడు ముగుస్తుందని కనబడ్డవాళ్ళందర్నీ అడిగేది.

ఇదంతా తోడేళ్ళ పక్షానున్న సభాపతి నక్క కనిపెట్టింది. తోడేళ్ళ చట్టం మీద సభ్యులు సగానికి సగం చీలిపోయారు. ఎద్దు తల ఎటైతే చట్టం అటు. నక్క వాదనకి దిగలేదు. ఓటు రోజున పక్కన చేరి, “బావా, మీ వాగొడ్డున ఇప్పుడెలా ఉంటుందీ?” అంది.

వచ్చినప్పట్నుంచీ ఆ మాట అడిగిన నాథుడు లేడు. ఎద్దు చెప్పుకుపోయింది: మంచు కరిగి వాగు కదలడం, గడ్డి మొదళ్ళ తడివాసన, మధ్యాహ్నం నీడలో ఆవుల ఊపిరి. చెబుతూ చెబుతూ కళ్ళు మూసింది. మాట ఆగి నెమరు మొదలైంది. నెమరేసే ఎద్దు తల ఊరుకుంటుందా? హాయిగా, పైకీ కిందికీ ఊగింది.

నక్క తన పీఠమెక్కి, “తోడేళ్ళ చట్టానికి సరేనన్నవాళ్ళు తలూపండి,” అని మెత్తగా పలికింది.

ఎద్దు కళ్ళు తెరిచేసరికి తోడేళ్ళు చంకలు గుద్దుకుంటున్నాయి.

“అయిపోయిందా? ఇంటికెళ్ళొచ్చా?” అంది ఎద్దు.

“వెళ్ళు బావా. పచ్చికని కళ్ళారా చూసుకో, కంచె బయట్నుంచి.”

ఊరు చేరేసరికి ఆవులు రాళ్ళగుట్ట మీదున్నాయి. ఎద్దు జరిగింది దాచలేదు. ఓటప్పుడు మిమ్మల్నే తలుచుకుంటున్నానంది.

ముసలావు గుట్ట దిగి ఎద్దుకి ఎదురుగా వచ్చి నిలబడింది. తర్వాత అంది: “మేం నిన్ను పంపింది తలుచుకోమని కాదు తమ్ముడూ, తల తిప్పమని.”

ఊరి మీద బెంగ ఊరికి కాపలా కాయదు.

ఆ బెంగ సభ రికార్డుకెక్కలేదు. ఎక్కింది ఇంతే: వాగొడ్డు సభ్యుడు సమ్మతించారు, 1851 మార్చి 11.