కోడలికి నాలుగు ఇంగ్లీషు ప్రశ్నలు

చింతలంకలో ఏలీషా ఇంటివాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడని వాళ్ళ అభిప్రాయం. అలా చూస్తే వాళ్ళని మించినవాళ్ళు జిల్లాలోనే లేరు.

షిల్లాంగులో ఉద్యోగం చేస్తున్న వాళ్ళబ్బాయి తిమోతి అక్కడి పిల్లనే పెళ్ళాడి, మొదటి క్రిస్మస్‌కి తీసుకొస్తున్నాడు. పిల్ల పేరు ఐబాన్, తెలుగు రాదు. కొత్త కోడలు తన గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడితే తట్టుకోలేనని ఏలీషా భార్య రాహేలమ్మ కళ్ళు ఒత్తుకుంది. పాపం, ఆవిడ బాధ నిజమైనదే.

మొగుడూ పెళ్ళాం, మరిది జక్రయ్య, ముగ్గురూ ఇంగ్లీషు నేర్చుకోడానికి ఊళ్ళో బడిపంతులు భాగ్యారావు మాస్టారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన నాలుగు ప్రశ్నలు నేర్పాడు. వాట్ ఈజ్ యువర్ నేమ్, హౌ ఆర్ యూ, డూ యూ లైక్ అవర్ స్టార్, డూ యూ వాంట్ కేక్.

"ఒకదానికి జవాబొచ్చాకే ఇంకోటి అడగండి. జవాబులు ఆ అమ్మాయి చూసుకుంటుంది, మీ పని ప్రశ్నలే. ఒకళ్ళనొకళ్ళు అడిగి ప్రాక్టీసు చెయ్యండి," అన్నాడు.

అంతే. ఇంటికి రాగానే ఏలీషా పెళ్ళాన్ని పేరడిగాడు. ఆవిడకి తన పేరు తెలియక కాదు, జవాబు తన పని కాదు కదా. ఆవిడ జక్రయ్యని అడిగింది. అతను అన్నని అడిగాడు. జవాబు రాలేదు, ప్రశ్న కదల్లేదు. పొయ్యి మీద ఇసకలో పెట్టిన కేకు మాడి బొగ్గయింది. పక్కింటావిడ పొగ చూసి బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే ఆవిణ్ణీ పేరడిగారు.

మర్నాడు క్యారల్స్ పాడేవాళ్ళు ఇరవైమంది వచ్చారు. పేర్లు చెప్పారు, బాగున్నామన్నారు, గుమ్మానికి కట్టిన క్రిస్మస్ స్టారు నచ్చిందన్నారు, కేకు కావాలన్నారు. మాస్టారు అడగమన్నాడు గానీ పెట్టమనలేదాయె. ప్రాక్టీసు బాగా కుదిరిందని ముగ్గురూ సంబరపడి తలుపేసుకున్నారు.

పండగ రోజు కోడలు దిగింది. తిమోతి ఆటోలోంచి సామాన్లు దించుతుంటే, ముగ్గురూ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగూ అడిగేశారు. పిల్ల నాలుగింటికీ నవ్వుతూ జవాబిచ్చింది. రాహేలమ్మ మొహం వెలిగిపోయింది. అప్పుడు ఐబాన్, రైల్లో మొగుడు నేర్పిన రెండు తెలుగు ముక్కల్లో మొదటిది కూడబలుక్కుని అంది.

"అత్తయ్యా, లోపలికి రావచ్చా?"

ఇంకేముంది. ఆ పిల్లని వాటేసుకుని లోపలికి తీసుకెళ్ళాలని రాహేలమ్మ ప్రాణం కొట్టుకుంటోంది. కానీ జవాబులు తమ పని కాదే. మాస్టార్నే అడగాలని వీధిన పడి పరిగెత్తారు.

మాస్టారు తల పట్టుకుని, రావచ్చని చెప్పమన్నాడు. తీరా వచ్చి చూస్తే తిమోతి పెళ్ళాన్ని ఎప్పుడో ఇంట్లోకి తీసుకెళ్ళాడు. లోపలున్న మనిషికి రావచ్చని ఎలా చెబుతారు? రాహేలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ప్రేమగా వీధిలోకి తీసుకొచ్చి నిలబెట్టి, "రావచ్చమ్మా," అంది. అని, తనివితీరా వాటేసుకుంది.

ఐబాన్‌కి ఏమీ అర్థం కాలేదు గానీ మనసు నిండింది. లోపలికెళ్ళి, తాము కొనుక్కొచ్చిన కేకు పళ్ళెంలో పెట్టి తెచ్చి, "అత్తయ్యా, కేకు తింటారా?" అని తనకొచ్చిన రెండో ముక్క అడిగింది.

ముగ్గురూ చెప్పులు వెతుక్కున్నారు. మళ్ళీ మాస్టారింటికి పరుగు. ఈ ఇంట్లో ఇదే ఆచారం కాబోలనుకుని ఐబాన్ కూడా పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనకే పరిగెత్తింది.

రాహేలమ్మ వెనక్కి తిరిగి చూసి మురిసిపోయింది. "చూశారా, కోడలు అచ్చం మనలాగే తెలివైంది."