కొలతతోపాటు పేరు

వెనకటికి ఒక రాజ్యంలో కొండకోటలు నగారాలతో మాట్లాడుకునేవి. కబురు అందుకున్న కోట, అది ఎంతసేపు మోగిందో తిరిగి వాయించి చెప్పేది. ఆ కొలత, కబురు పంపిన కోట లెక్కలో పడేది.

రాజధాని కోట లెక్క విపరీతంగా పెరిగింది. అసలైన కబుర్లకు సందు దొరకడం లేదని రాజు మండిపడ్డాడు. కోటల అధికారి విరూపయ్యకు తను వాయింపించిన సొంత కబుర్లన్నీ గుర్తొచ్చాయి. అయినా వేలు నగారా వాయించే కదిరన్నవైపు చూపించాడు.

"వీడి వాగుడే ప్రభూ! కొలువులోంచి తీసేద్దాం."

ఏలేవాళ్ల మాటల బరువు ఎప్పుడూ మోసేవాళ్ల నెత్తినే కదా పడేది!

కదిరన్న చేతులు కట్టుకున్నాడు. "కొలత కోట పేరే చెబుతుంది దొరా, మాట ఎవరిదో చెప్పదు. ఇకనుంచి కబురు పంపినవాళ్ల పేరు కూడా అన్ని కోటలకూ వినబడేలా వాయించమనండి. నా పేరు వస్తే నేనే కొండ దిగిపోతాను."

"అలాగే కానీ," అన్నాడు రాజు.

మర్నాడు విరూపయ్య అలవాటు కొద్దీ నగారా దగ్గరికి వచ్చాడు. "ఒరే, మా బావమరిది పనసకాయలు పంపాడో లేదో అడుగు."

"చివర్లో తమరి పేరు వేస్తానయ్యా," అంటూ కదిరన్న కర్రలెత్తాడు.

కింద ఊరంతా వింటుంది. విరూపయ్య చెవులు వేడెక్కాయి. "వద్దులే," అని గొణిగి దిగిపోయాడు. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

అసలైన కబుర్లప్పుడు తప్ప నగారా మూగబోయింది. నిండు కొలువులో రాజు అడిగాడు. "కదిరన్న అక్కడే ఉన్నాడు, నగారా అక్కడే ఉంది. మరి మూతబడిన నోరు ఎవరిది విరూపయ్యా?"

విరూపయ్య తలెత్తలేకపోయాడు.

"నాదే ప్రభూ."

అతను పంపిన కబుర్లన్నిట్లోకీ పొట్టిది అదే.