మూటలు అప్పజెప్పే సంఘపెద్ద

ఆ ఊళ్లో ప్రతి మనిషికీ ఒక మూట ఉండేది.

మూటంటే బట్టల మూటో బియ్యం మూటో కాదు, దిగులు మూట. చూడ్డానికి మామూలు గుడ్డమూటే. పాత చీరముక్కలోనో పంచెముక్కలోనో కట్టి ఉండేది. పొద్దున లేస్తూనే దాన్ని నెత్తికెత్తుకునేవాళ్లు, పడుకునేటప్పుడు తలగడ పక్కన పెట్టుకునేవాళ్లు. అందరికీ ఉన్నదే కాబట్టి ఎవరికీ వింతగా ఉండేది కాదు. మూట లేని మనిషి ఎవరైనా కనబడితేనే, పాపం వీడికి బాధ్యత తెలీదు అనుకునేవాళ్లు.

రైతు మూటలో వాన ఉండేది. బడిపంతులు మూటలో ఆయన దగ్గు ఉండేది. ఒకావిడ నెత్తి మీది మూట వాళ్ల అత్తగారు పోతూ పోతూ చేతిలో పెట్టింది. అందులో ఏముందో ఆవిడకే తెలీదు, ఇన్నేళ్లలో విప్పి చూసిన పాపాన పోలేదు. అయినా దించేది కాదు. పెద్దవాళ్లు ఇచ్చింది కదా, పారేస్తే ఏం బావుంటుంది అనేది.

ఊరు మొత్తం విశ్వాసులే. దిబ్బ మీద రేకుల మందిరం కట్టుకున్నారు. ఆదివారం గంట కొట్టగానే మూటలతో సహా దిబ్బెక్కేవాళ్లు. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపల బల్ల ముందు మూటలు దించేవాళ్లు. పాస్టరుగారు చేతులెత్తి, "మీ బరువులన్నీ ఇక్కడ దించండి, ఆయన చూసుకుంటాడు" అనేవారు. అందరూ ఆమెన్ అనేవాళ్లు. పైపైన కాదు, మనసారానే అనేవాళ్లు. ఆ రెండు గంటలూ మెడలు తేలికపడి వాళ్లు పాడే పాటలకి, కాలవలో పోయే పడవలవాళ్లు కూడా కాసేపు తెడ్లు ఆపేవాళ్లు.

చివర్లో దీవెన ఇచ్చేవారు. అది కాగానే అందరూ వరసలో నిలబడి, ఎవరి మూట వాళ్లు తీసుకుని ఇళ్లకి పోయేవాళ్లు.

ఇదేం చోద్యమండీ అని మీకనిపించవచ్చు. వాళ్లకి అనిపించలేదు. గుమ్మం బయట విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కోమా, ఇదీ అంతే అనుకునేవాళ్లు. ఇంకా చెప్పాలంటే చెప్పులైనా ఒక్కోసారి తారుమారయ్యేవి గానీ మూటలు మాత్రం ఎప్పుడూ కాలేదు. అందుకోసం ప్రత్యేకంగా ఒక సంఘపెద్ద ఉన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. ప్రతి మూటకీ ఒక రంగు దారం కట్టాడు, ఏ దారం ఎవరిదో ఆయనకి నోటికొచ్చు. "చెల్లెమ్మా, ఇదిగో నీది." "తమ్ముడూ, కిందటి వారం కన్నా బరువెక్కింది, చూసి ఎత్తుకో." అలా ఒక్కొక్కరికీ పేరు పేరునా అప్పజెప్పేవాడు. దారాలు లేని రోజుల్లో ఒకసారి ఇద్దరు తోడికోడళ్ల మూటలు మారిపోయాయి. వారమంతా ఇద్దరికీ కునుకు లేదు. అవతలి మనిషి దిగులు ఎలా పడాలో ఇద్దరికీ చేతకాలేదు. మరుసటి ఆదివారం తలుపు తీయకముందే వచ్చి, ఎవరిది వాళ్లు లాక్కుని, హమ్మయ్య అనుకున్నారు. పాస్టరుగారి మూట బల్ల కింద తెల్లగుడ్డ కప్పి ఉండేది. దాన్ని అందరూ వెళ్లాక మర్యాదగా అందించేవాడు.

ఆ ఊళ్లోనే తుంగచాపలు అల్లే ఒకావిడ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. కాలవ అవతలి ఊరికిచ్చి పెళ్లి చేసింది. ఆవిడ మూట నిండా ఆ పిల్లే. చిన్నప్పటి జ్వరాలు, బడిదారిలో కుక్కలు, పెళ్లయ్యాక అత్తారింట్లో ఎలా ఉందో అన్న బెంగ, అన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది ఉండేవి. ఇప్పుడు పిల్లకి తొలి కాన్పు. మూట మెడ దిగేంత బరువైంది.

చాప అల్లాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని మూట ఒళ్లో పెట్టుకుని దాని మీదుగా అల్లేది. చాపలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి వచ్చేవి.

"నీ చాప మీద పడుకుంటే తెల్లారేసరికి వీధిలోకి దొర్లిపోతున్నామే" అని పక్కింటి వదిన ఆటపట్టించేది.

"ఏం చేయను వదినా? దాని గురించి నేను దిగులుపడకపోతే ఇంకెవరు పడతారు?"

ఆవిడ మనసులో దిగులూ ప్రేమా ఒకటే. తను ఒక్క పూట ఏమరుపాటుగా ఉంటే ఆ పూటే పిల్లకి ఏదో అవుతుందని భయం. దేవుడి మీద నమ్మకం లేక కాదు, చాలానే ఉంది. కాకపోతే ఆయనొక్కడి మీదే వదిలేస్తే ఎలా, తనూ ఒక చెయ్యి వేయాలి కదా అనుకునేది.

ఒక ఆదివారం మందిరంలో లేచి నిలబడి ప్రార్థన మనవి చెప్పింది. "వచ్చే వారం పిల్లని పురిటికి తెచ్చుకుంటున్నాను. అందరూ జ్ఞాపకం చేసుకోండి." అందరూ ప్రార్థించారు. కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. దీవెన అయింది, సంఘపెద్ద మూట అందించాడు, ఆవిడ నెత్తిన పెట్టుకుని దిబ్బ దిగుతోంది. అప్పుడు కాలవ అవతలి గట్టు నుంచి అల్లుడి తమ్ముడు కేకేశాడు.

"అత్తా, వదినకి నెల ముందే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో చేర్చాం. అమ్మ కావాలంటోంది, తొందరగా రా."

ఆవిడ పరిగెత్తింది. రేవులో పడవ లేదు. తారు పూసి ఒడ్డు మీద బోర్లించారు, ఆరడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. రోడ్డు వంతెన మీదుగా వెళ్తే ఆరు మైళ్లు చుట్టు. ఇక మిగిలింది తాటిదుంగల వంతెన. వంతెనంటే రెండు దుంగలు, వాటి పైన ఈ గుంజకీ ఆ గుంజకీ కట్టిన ఒక మోకు, అంతే. ఆ మోకు రెండు చేతులతో పట్టుకుని అడుగు పక్కన అడుగు వేసుకుంటూ దాటాలి.

ఆవిడ ఒక చేత్తో నెత్తి మీది మూట పట్టుకుని, ఇంకో చేత్తో మోకు పట్టుకుని దుంగ ఎక్కింది. మూడో అడుగుకే కాలు జారింది. మూట అటు ఊగింది, మనిషి ఇటు ఊగింది. దుంగని కావలించుకుని, పాక్కుంటూ వెనక్కి వచ్చి గట్టున కూలబడింది.

గుంజ పక్కన ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఏ ఊరాయనో తెలీదు.

"మూటతో కుదరదమ్మా" అన్నాడు. "రెండు చేతులూ మోకు మీదే ఉండాలి."

"నడుముకి కట్టుకుంటాను."

"కట్టుకో. అది ఎటు లాగితే అటు పోతావు."

ఆవిడకి ఒళ్లు మండింది. "మీకేం బాబాయ్, ఎన్నైనా చెబుతారు. ఇందులో ఉన్నది నా కూతురు. దీన్ని గట్టున పడేసి పోతే దాన్ని వదిలేసినట్టే."

ముసలాయన గాలం పక్కన పెట్టాడు. "అమ్మాయి ఇందులో ఉందా, అవతల ఉందా?" అని అడిగాడు.

ఆవిడ మూటకేసి చూసింది. అవతలి గట్టుకేసి చూసింది. ఇన్నేళ్లలో ఆ రెండూ వేరు వేరని ఒక్కనాడూ తోచలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మూటని గుంజ మొదట్లో దించి మోకాళ్లూనింది. మందిరంలో ఆవిడ ప్రార్థన మొదలెడితే పక్కవాళ్లకి మోకాళ్లు పట్టేసేవి. ఇప్పుడు రెండు ముక్కలే వచ్చాయి.

"ప్రభువా, ఇది నీకే ఇస్తున్నా. నేను మళ్లీ వచ్చి అడిగినా ఇవ్వకు."

లేచి మోకు పట్టుకుంది. ధైర్యం వచ్చేసిందని అబద్ధం చెప్పను. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, నడిమధ్యలో దుంగలు ఊగుతూనే ఉన్నాయి. కాకపోతే చేతులు ఖాళీగా ఉన్నాయి, మోకు గట్టిగా ఉంది. అలా అవతలికి చేరింది.

ఆసుపత్రిలో కూతురు అమ్మని చూడగానే రెండు చేతులూ చాపింది. ఆవిడ రెండు చేతులూ అందించింది. నొప్పి వచ్చినప్పుడల్లా పిల్ల గోళ్లు దిగేలా పట్టుకునేది, ఆవిడ ఊరుకునేది. "ఇక్కడే ఉన్నానమ్మా" అనడం తప్ప ఇంకేం మాట్లాడలేదు.

ఇక్కడ ఇలా ఉండగా, సంఘపెద్ద మందిరానికి తాళం వేసి, తన మూట చంకన పెట్టుకుని కాలవ గట్టున ఇంటికి పోతున్నాడు. గుంజ మొదట్లో మూట కనబడింది. ఎర్రదారం. ఎవరిదో వెంటనే పోల్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మూట కూడా పోనివ్వలేదు ఆయన. పాపం, కంగారులో మర్చిపోయింది, అక్కడికెళ్లి వెతుక్కుంటుందేమో అని జాలిపడ్డాడు. ఆయన మనసు వెన్న. ఆ మూటని నెత్తికెత్తుకుని, తనది చంకలోనే ఉంచుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరు మైళ్లూ చుట్టు తిరిగి ఆసుపత్రికి నడిచాడు.

ఆయన చేరేసరికి లోపల నర్సు ముఖం మారింది. "బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోంది. డాక్టరమ్మని పిలుస్తున్నా" అని బయటికి పరుగెత్తింది. ఆ తెరిచిన తలుపు సందులోంచి సంఘపెద్ద, లోపలికి చూడకుండా తల పక్కకి తిప్పుకుని, మూట ఒక్కటే ముందుకు చాపాడు.

"చెల్లెమ్మా, గట్టు మీద మర్చిపోయొచ్చావు. భద్రంగా తెచ్చాను."

ఆవిడ చూసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ మూట మీద ఉన్నంత ఆశ ఆవిడకి లోకంలో ఇంక దేని మీదా లేదు. అది ఒళ్లో ఉంటే ఏదో చేస్తున్నట్టయినా ఉండేది. చేతులు వాటంతటవే అటు కదిలాయి, వేళ్లు సడలాయి. పిల్లకి అది తెలిసింది.

"అమ్మా, వదలకు" అంది.

ఆవిడ వేళ్లు మళ్లీ బిగించింది. తలుపు వైపు తిరిగి, "అన్నయ్యగారూ, నాకు చేతులు ఖాళీ లేవు" అంది.

"మరి దీన్నేం చేయమంటావు?"

"ఏమో నాకు తెలీదు. నేను మాత్రం పట్టుకోలేను."

సంఘపెద్ద మూట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూట వద్దన్న మనిషిని ఆయన చూడటం ఇదే మొదలు. డాక్టరమ్మ వచ్చింది, తలుపు మూసేశారు. ఆయన వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. ఆవిడ మూట పక్కన పెట్టుకున్నాడు, తన మూట ఒళ్లో పెట్టుకున్నాడు.

లోపల గంట గడిచింది. ఆ గంట ఎలా గడిచిందో ఆ తల్లికి తెలుసు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. నర్సు వీపు రుద్దింది. తలకిందులుగా పట్టుకుని మళ్లీ రుద్దింది. ఆవిడ కూతురి చేతులు పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ కూతుళ్లిద్దరూ కూడా గట్టిగా ఏడ్చేశారు, ఎవరూ ఎవర్నీ ఊరుకోబెట్టలేదు.

పొద్దు వాలుతుండగా ఆవిడ మనవరాలిని తువ్వాలులో చుట్టుకుని వరండాలోకి వచ్చింది. పెద్ద ఇంకా అక్కడే ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నన్ను క్షమించు చెల్లెమ్మా. నీ మూట పోయింది."

"పోవడమేంటి అన్నయ్యగారూ?"

"ఎవరో ఒకాయన వచ్చాడు. అది నాది, ఇమ్మన్నాడు. కాదు బాబూ, ఇది చాపలు అల్లే చెల్లెమ్మది, ఎర్రదారం చూడు అన్నాను. ఆవిడదే, కానీ పొద్దున కాలవ గట్టున నాకిచ్చేసింది, అడిగి చూడు అన్నాడు. లోపల నువ్వున్న స్థితిలో ఎలా అడగను? ఏం తోచక ఇచ్చేశాను. ఆయన దాన్ని భుజానికెత్తుకుంటుంటే చూశాను. బరువులు మోసి మోసి అలవాటైన మనిషిలా ఉన్నాడు."

ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతుల్లో పసిపిల్ల ఉంది. వరండా చివరికంటా చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఎటు వెళ్లాడు అన్నయ్యగారూ?"

సంఘపెద్ద తల వంచుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్న తన మూటకేసి చూసుకున్నాడు.

"వెళ్లబోతూ నాది కూడా ఇమ్మన్నాడమ్మా" అన్నాడు. "నేనే ఇవ్వలేదు."